ఊరంతా కదిలితేనే అక్షరం

ఆస్ట్రేలియా మూలవాసుల ఊళ్లలో పెద్దలు చదువు నేర్చుకుంటున్నారు. నేర్పుతున్నది వాళ్ల సొంత మనుషులే. ఆ బడి ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో నిర్ణయించేదీ వాళ్లే. ఒకప్పుడు బడి గడప తొక్కనివ్వని దేశంలో ఈ మార్పు ఎలా వచ్చింది?

డార్లింగ్ నది ఒడ్డున విల్కానియా అనే చిన్న ఊరుంది. సిడ్నీ నుంచి పడమటికి వెయ్యి కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం. పందొమ్మిదో శతాబ్దంలో ఉన్ని బేళ్లు మోసే ఆవిరి పడవలతో కళకళలాడిన రేవు అది. ఆ నదిని బార్కింజీ ప్రజలు 'బాకా' అంటారు. తమ జాతి పేరునే ఆ నది నుంచి తెచ్చుకున్నారు. 2012 మొదట్లో ఆ ఊళ్లో కొందరు కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. వాళ్లు అడిగినవి మామూలు ప్రశ్నలే. ఇంట్లో పెద్దవాళ్లు ఎంతమంది? చదవడం, రాయడం ఎంతవరకు వచ్చనుకుంటున్నారు? క్లాసు పెడితే వస్తారా?

అడిగినవాళ్లది అదే వీధి. తలుపు తీసిన ముసలమ్మకు ఎదురుగా నిలబడిన పిల్ల ఎవరి మనవరాలో తెలుసు. ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ ప్రాంతంలో కాగితాలు పట్టుకుని తలుపు తట్టిన అధికారులు దశాబ్దాల పాటు పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయారు. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల నుంచి 1970 దాకా సాగిన ఆ ఘోరానికి దేశ పార్లమెంటు 2008 ఫిబ్రవరి 13న క్షమాపణ చెప్పింది. క్షమాపణ చెప్పినంత మాత్రాన తలుపు చప్పుడంటే భయం పోదు. అందుకే ప్రశ్న కంటే ముందు, ప్రశ్న అడిగే మనిషి ఎవరన్నది ఆ ఊరికి ముఖ్యమైంది.

అలా మొదలైన ఉద్యమం పేరు 'యస్, ఐ కెన్'. పద్ధతి పుట్టింది క్యూబాలో. 1961లో క్యూబా ఒక్క ఏడాదిలో ఏడు లక్షల మందికి పైగా పెద్దలకు చదువు నేర్పింది. చదువుకున్న కుర్రవాళ్లు లాంతర్లు పట్టుకుని కొండపల్లెలకు వెళ్లి, రైతుల ఇళ్లలోనే ఉండి, పగలు పొలం పని చేసి రాత్రి పాఠం చెప్పారు. ఆ అనుభవంతో లియోనెలా రెలిస్ అనే విద్యావేత్త తర్వాతి కాలంలో ఈ పద్ధతిని రూపొందించారు. అక్షరం రాని మనిషికీ అంకెలు తెలుసన్నది దాని పునాది. సరుకు కొనేవాళ్లకు, కూలి లెక్క చూసుకునేవాళ్లకు అంకెలతో ఏనాటి నుంచో పని. తెలిసిన అంకె పక్కన తెలియని అక్షరాన్ని పెడుతూ పోతారు. పాఠాలు మొత్తం 64. అన్నీ వీడియోలోనే ఉంటాయి. తెరమీద ఒక టీచరు, కొందరు పెద్దవయసు విద్యార్థులు కనిపిస్తారు. తెర ముందు కూర్చున్నవాళ్లు వాళ్లతోపాటే నేర్చుకుంటారు. ఈ పద్ధతికి 2006లో యునెస్కో వారి కింగ్ సెజోంగ్ అక్షరాస్యత బహుమతి వచ్చింది.

2007లో తూర్పు తిమోర్ దేశం దీన్ని జాతీయ ఉద్యమంగా చేపట్టింది. ఆ పనిని దగ్గరుండి చూసిన ఆస్ట్రేలియా విద్యావేత్త బాబ్ బౌటన్‌కు, ఇది మన దగ్గర ఎందుకు జరగకూడదన్న ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్నను భుజాన వేసుకున్న నాయకుడు జాక్ బీట్సన్. ఆయన న్గెంబా జాతి మనిషి. సిడ్నీలో గ్లీబ్ పేటలోని ట్రాన్‌బీ కాలేజీకి నాయకత్వం వహించినవాడు. ట్రాన్‌బీ 1950ల చివర్లో సహకార సంఘాల శిక్షణ కోసం మొదలై, మూలవాసుల చేతుల్లోకి వచ్చిన వయోజన విద్యాసంస్థ. విల్కానియాలో తొలి తరగతులు నడిచాక 'లిటరసీ ఫర్ లైఫ్ ఫౌండేషన్' ఏర్పడింది. బర్క్, ఎన్‌గోనియా, బ్రెవారినా, వాల్గెట్ అంటూ ఊరి తర్వాత ఊరికి పని పాకింది.

మూసిన తలుపులు

ఈ పెద్దలకు చదువు ఎందుకు రాలేదు? 'చదువు మీద ఆసక్తి లేదు' అని తేల్చేసే మాట ఒకటి ఆస్ట్రేలియాలో చాలాకాలం చలామణి అయింది. చరిత్ర చూస్తే ఆ మాట ఎంత అన్యాయమో తెలుస్తుంది.

న్యూ సౌత్ వేల్స్‌లో 1880ల నాటికి బడి చదువు అందరికీ అని చట్టం ఉంది. మూలవాసుల పిల్లలు మాత్రం శుభ్రంగా, ఒళ్లు కప్పుకుని, మర్యాదగా ఉంటేనే రావచ్చని షరతు పెట్టారు. శుభ్రత కొలిచేది ఎవరు? మర్యాద తేల్చేది ఎవరు? 1902 నాటికి ఆ మాత్రం ముసుగు కూడా తొలగిపోయింది. తెల్లవాళ్ల తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే చాలు, నల్లపిల్లలను బడి నుంచి పంపేయవచ్చని విద్యాశాఖ నియమం చేసింది. వాళ్ల కోసం పెట్టిన ప్రత్యేక బళ్లలో చాలా చోట్ల శిక్షణ లేనివాళ్లే పాఠాలు చెప్పారు. మూలవాసులను ఉంచిన రిజర్వుల్లో కొన్ని చోట్ల మేనేజరు భార్యే పంతులమ్మ. పాఠ్యప్రణాళికలో పొలం పని, ఇంటి పని ఎక్కువ, చదువు తక్కువ. ఇంటి పనిమనిషిగా, పశువుల కాపరిగా పనికొస్తే చాలన్నది లెక్క.

ఊళ్లో వ్యతిరేకత ఉంటే హెడ్మాస్టరు మూలవాసుల పిల్లలను చేర్చుకోకుండా ఆపవచ్చన్న నిబంధన 1972 దాకా పుస్తకంలో ఉంది. ఆ ఏడాది ఒకటో తరగతి ఈడున్న పిల్లకు ఇప్పుడు అరవై ఏళ్ల చుట్టుపక్కల ఉంటాయి. మనం మాట్లాడుతున్నది పాత రాతియుగపు సంగతి కాదు. ఆ పిల్ల ఇవాళ ఒక అమ్మమ్మ. మనవడి బడి నుంచి వచ్చిన చీటీని ఆమె చదవలేకపోతే ఆ లోపం ఆమెదని ఎలా అంటాం?

మూలవాసుల పెద్దల్లో దాదాపు 40 శాతం మందికి ఇంగ్లిష్ చదవడం, రాయడం బొత్తిగా తక్కువని ఉద్యమం నడిపేవాళ్ల అంచనా. మారుమూల ఊళ్లలో ఇంకా ఎక్కువ. ఊళ్లో ఇంతమందికి ఒకేలా చదువు రాలేదంటే దాన్ని మనిషి మనిషికీ విడివిడిగా అంటిన జబ్బుగా చూడటం తప్పు. ఒక జాతి మొత్తానికి జరిగిన నష్టం అది. ఒక్కొక్కరినీ పిలిచి కాలేజీలో సీటిస్తే పూడేది కాదు. ఊరు మొత్తం కదలాలి. ఈ ఉద్యమానికి ఇదే ప్రాణం. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది కూడా ఇదే.

సిగ్గు అనే గోడ

చదువు రాని పెద్దమనిషి దాన్ని దాచుకోవడానికి పడే పాట్లు ఏ దేశంలోనైనా ఒకటే. కళ్లజోడు ఇంట్లో మరిచానంటారు. కాగితం ఇంటికి తీసుకెళ్లి నింపుతానంటారు. చెయ్యి నొప్పిగా ఉందంటారు. మూలవాసుల సమాజాల్లో ఈ సిగ్గు బరువు ఇంకా ఎక్కువ. నలుగురిలో ఒక్కడిని లేపి నిలబెట్టడం, 'నీకు ఇది రాదు' అని తేల్చడం అక్కడ పెద్ద అవమానం. ఆ అవమానం మనిషితో ఆగదు, కుటుంబానికీ తగులుతుంది. మామూలు వయోజన విద్యా కేంద్రం చేసే మొదటి పని ప్రవేశ పరీక్ష పెట్టడం. బడిలో చిన్నప్పుడు పడ్డ దెబ్బ మీద మళ్లీ కొట్టడమే అది. రెండో రోజు ఆ మనిషి రాడు.

ఈ ఊళ్లలో వరస మార్చారు. పని మూడు అంచెల్లో సాగుతుంది. మొదటిది ఊరిని కూడగట్టడం. ఇంటింటి సర్వే, పెద్దల సమావేశాలు, అందరి ఎదుట ప్రారంభోత్సవం. పాఠాలు మొదలయ్యాక కూడా ఈ అంచె ఆగదు, చివరిదాకా నడుస్తూనే ఉంటుంది. రెండోది 64 పాఠాలు, సుమారు మూడు నెలలు. మూడోది ఆ తర్వాతి వారాలు. నేర్చుకున్నది జారిపోకుండా చదవడం, కంప్యూటరు వాడటం, వంట, ఏదో ఒక పనిచోట అనుభవం. చివర ఊరంతా చూస్తుండగా పట్టాల పండుగ.

పాఠం నడిపేది ఊరివాళ్లే. టీచరు ట్రైనింగు ఉండాల్సిన పని లేదు. పాఠం వీడియోలో ఉంది కాబట్టి వాళ్లు చేయాల్సిందల్లా తెర ఆపి, వివరించి, పక్కన కూర్చుని పట్టించుకోవడం. బయటి నుంచి వచ్చిన అనుభవజ్ఞులు వాళ్లకు శిక్షణ ఇస్తారు, పాఠానికి ముందు సిద్ధం చేస్తారు. తరగతి ముందు మాత్రం నిలబడరు. ఇది చిన్న ఏర్పాటులా కనిపిస్తుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తమ జాతి మనిషిని టీచరు స్థానంలో చూసే యాభై ఏళ్ల విద్యార్థికి అది చిన్న సంగతి కాదు.

సంస్కృతి అంటే గోడమీద చుక్కల బొమ్మ వేసి, ప్రారంభోత్సవంలో డిడ్జిరిడూ బూర ఊదించడం అనుకునే సంస్థలు చాలానే ఉన్నాయి. ఈ తరగతుల్లో సంస్కృతి రోజువారీ నియమాల్లో ఉంటుంది. ఊళ్లో చావు జరిగితే ఊరంతా పనులు ఆపి సంతాపంలో కూర్చుంటుంది. ఆ రోజుల్లో క్లాసు ఉండదు. మామూలు కోర్సులో అయితే ఆ రోజులన్నీ గైర్హాజరు పడి, పేరు కొట్టేస్తారు. ఇక్కడ క్లాసే ఊరి వెంట ఆగి, ఊరి వెంట మొదలవుతుంది. మధ్య ఆస్ట్రేలియాలో చాలా జాతుల్లో అత్త, అల్లుడు ఎదురుపడకూడదు. ఒకే గదిలో కూర్చోబెట్టే జాబితా తయారు చేసిన బయటివాడికి, వాళ్లిద్దరిలో ఒకరు ఎందుకు రావడం మానేశారో ఎప్పటికీ అర్థం కాదు. చనిపోయినవాళ్ల పేరు కొంతకాలం పలకకూడదన్న ఆచారం ఉంది. చదివే పాఠంలో ఆ పేరు ఉంటే? ఆ పేజీ పక్కన పెట్టాలని తెలిసినవాళ్లే పాఠం చెప్పాలి. ఇవి పుస్తకంలో చూసి నేర్చుకునే సంగతులు కావు. ఆ ఊళ్లో పుట్టి పెరిగితే వస్తాయి.

చదువు రాకపోవడం వేరు, తెలివి లేకపోవడం వేరు. ఈ తరగతులు జరిగిన బ్రెవారినా ఊరి దగ్గర బార్వన్ నదిలో రాళ్లు పేర్చి కట్టిన చేపల కట్టలు ఉన్నాయి. నది పొడవునా దాదాపు అర కిలోమీటరు మేర అర్ధచంద్రాకారపు మడుగులు. నీళ్లు పెరిగినా తగ్గినా ఏదో ఒక మడుగులో చేప ఆగేలా, ఎగువ ఊళ్లకు కూడా చేపలు వెళ్లేలా కట్టారు. న్గెంబా ప్రజలు వాటి సంరక్షకులు. ఏ మడుగు ఏ కుటుంబం చూసుకోవాలో, చుట్టుపక్కల జాతులు ఎప్పుడు వచ్చి చేపలు పట్టుకోవచ్చో కట్టుబాట్లు ఉండేవి. నీటి లెక్క, పంపకం లెక్క, పొరుగువాడి హక్కు, అన్నీ అక్షరం లేకుండానే తరం నుంచి తరానికి అందాయి. 2005లో ఆ కట్టలను జాతీయ వారసత్వ సంపదగా ప్రకటించారు. అంత నిర్మించిన జాతి పిల్లలకు చేతిపని నేర్పితే చాలనుకున్న వాళ్ల చేతిలో ఒకప్పుడు ఆ రాష్ట్రపు బళ్లు ఉండేవి.

మారిషస్ నుంచి వచ్చిన పంతులు

ఊరిదైన చదువు ఏం చేయగలదో ఆస్ట్రేలియా చరిత్రలోనే గట్టి ఉదాహరణ ఉంది. అందులో మన దేశానికీ ఒక పాత్ర ఉంది. ఇక్కడ కాస్త నిలబడి చెప్పాలి.

థామస్ షాడ్రక్ జేమ్స్ 1859లో మారిషస్‌లో పుట్టాడు. భారత సంతతి కుటుంబం. మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగు కూలీలు చేరిన దీవి అదే, వాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచేవారు. జేమ్స్ తండ్రి దుబాసీ పని చేసేవాడు. కొడుకు చదువుకుని ఆస్ట్రేలియా చేరాడు. 1881లో మెల్‌బోర్న్ దగ్గర బ్రైటన్ సముద్రతీరంలో జరిగిన ఒక సభలో డేనియల్ మాథ్యూస్ అనే మిషనరీ, ఆయన వెంట వచ్చిన మూలవాసులు కనిపించారు. మర్రీ నది ఒడ్డున మలోగా అనే చోట మాథ్యూస్ వాళ్లకు ఆశ్రయం ఇచ్చాడు. అక్కడ పిల్లలకు పంతులు కావాలి. నేనొస్తానని జేమ్స్ వెళ్లాడు.

వెళ్లినవాడు అక్కడివాడే అయిపోయాడు. యోర్టా యోర్టా ఆడపడుచు ఆడా కూపర్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఊరు కమెరగంజకు మారినప్పుడు వాళ్లతోనే మారాడు. నలభై ఏళ్ల పాటు బడి నడిపి 1922లో విరమించాడు. ఆనాటి విద్యాశాఖ మూలవాసుల బడికి గీసిన గీత దగ్గర ఆయన ఆగలేదు. బడి వేళ అయ్యాక యువకులను కూర్చోబెట్టుకుని చదివించేవాడు. అప్పట్లో మన పల్లెల్లో అయితే దాన్ని రాత్రిబడి అనేవాళ్లం. ఆ బడి నుంచి, ఆ చుట్టరికాల నుంచి వచ్చిన మనుషులను చూడండి. డగ్ నికోల్స్ 1976లో సౌత్ ఆస్ట్రేలియా గవర్నరయ్యాడు. ఆ పదవి ఎక్కిన తొలి మూలవాసి ఆయన. మార్గరెట్ టక్కర్ అదే నేల నుంచి వచ్చిన ఉద్యమ నాయకురాలు.

అందరికంటే ముందు చెప్పాల్సింది జేమ్స్ బావమరిది విలియం కూపర్ గురించి. 1874లో, పద్నాలుగేళ్లయినా నిండీ నిండని ఈడులో మలోగా చేరిన ఆ కుర్రవాడు మూడు రోజుల్లో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ నేర్చేశాడని మాథ్యూస్ రాసుకున్నాడు. తర్వాత జీవితమంతా గొర్రెల బొచ్చు కత్తిరిస్తూ, కూలి పనులు చేస్తూ గడిపాడు. డెబ్బై దాటాక, రిజర్వులో ఉంటే ముసలితనపు పింఛను రాదని మెల్‌బోర్న్‌కు వచ్చి చేరాడు. ఆ పింఛను డబ్బుతో స్టాంపులు కొని ప్రభుత్వానికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. పార్లమెంటులో మా మనిషి ఒకడుండాలని కోరుతూ బ్రిటన్ రాజుకు అర్జీ తయారు చేసి, దేశమంతా తిప్పి 1,814 మంది సంతకాలు పోగు చేశాడు. 1937లో దాన్ని ప్రధానికి పంపాడు. రాజుకు పంపనక్కర్లేదని మంత్రివర్గం తేల్చేసింది.

1938 జనవరి 26న, తెల్లవాళ్ల వలస మొదలై 150 ఏళ్లయిందని దేశం సంబరాలు చేసుకుంటుంటే, సిడ్నీలో మూలవాసులు సంతాప దినం జరిపారు. దాని వెనకున్న ఆలోచన కూపర్‌ది. అదే ఏడాది డిసెంబరు 6న, జర్మనీలో యూదుల మీద జరుగుతున్న దాడులను ఖండిస్తూ తీర్మానం రాయించి, మెల్‌బోర్న్‌లోని జర్మన్ కాన్సులేటుకు నడిచి వెళ్లాడు. తలుపు తీయలేదు. తన దేశంలో తనకే ఓటు సరిగా లేని ముసలాయన, ఎక్కడో ఉన్న మరో జాతి కోసం కాగితం పట్టుకుని నడిచాడు. అక్షరం ఆయనకు ఉద్యోగం కోసం అక్కరకు రాలేదు. న్యాయం అడగడానికి అక్కరకొచ్చింది. వయోజన విద్యను ఉద్యోగ నైపుణ్యంగా మాత్రమే కొలిచే నేటి విధానాలు చూసినప్పుడల్లా నాకు కూపర్ గుర్తొస్తాడు.

వేలిముద్రలు పడిన అర్జీ

ఉత్తరాన, అర్నెమ్ లాండ్‌లో యిర్కలా కథ వేరు. 1963లో గోవ్ ద్వీపకల్పంలో బాక్సైట్ గని కోసం యోల్ంగు ప్రజల భూమిని వాళ్లను అడగకుండానే ప్రభుత్వం విడదీసింది. యోల్ంగులు చెట్టు బెరడు మీద తమ వంశాల చిత్రాలు గీసి, మధ్యలో తమ భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ టైపు చేసిన అర్జీ అతికించి పార్లమెంటుకు పంపారు. సంతకాలు చేసినవాళ్లు పన్నెండు మంది. రాయడం వచ్చింది కుర్రవాళ్లకు కాబట్టి వాళ్లు సంతకాలు చేశారు. మంత్రి దాన్నే పట్టుకున్నాడు. ఈ కుర్రవాళ్లు మీ జాతి మాట చెప్పడానికి ఎవరని సందేహం లేవనెత్తాడు. యోల్ంగులు రెండో అర్జీ పంపారు, ఈసారి పెద్దల వేలిముద్రలతో. సంతకం చేస్తే చిన్నవాళ్లన్నారు, నిశాని వేస్తే తెలియనివాళ్లంటారు. ఏ అర్జీతోనూ గని ఆగలేదు. భూమి హక్కుల పోరాటానికి మాత్రం ఆ బెరడు పత్రాలే ఆది. ఇప్పుడవి కాన్‌బెర్రా పార్లమెంటు భవనంలో ఉన్నాయి.

అక్కడి పిల్లలకు మొదటి భాష యోల్ంగు మాతా. 1973 నుంచి ఉత్తర ప్రాంతం (నార్తర్న్ టెరిటరీ)లో సొంత భాషలో చదువు మొదలుపెట్టి ఇంగ్లిష్‌కు వెళ్లే ద్విభాషా బళ్లు వచ్చాయి. ఆ బళ్లకు టీచర్లు కావాలంటే ముందు పెద్దలు చదవాలి. డార్విన్‌కు వంద కిలోమీటర్ల దిగువన బాచెలర్ అనే చోట ఆ పని జరిగింది. దూర ఊళ్ల నుంచి వచ్చి కొన్ని వారాలు చదివి, తిరిగి ఊరెళ్లి అక్కడే పని చేస్తూ మిగతా చదువు సాగించే ఏర్పాటు. కుటుంబాన్ని, నేలను, కర్మకాండలను వదిలి ఏళ్ల తరబడి పట్నంలో ఉండమంటే వాళ్లు రారు. తమ జ్ఞానాన్నీ తెల్లవాళ్ల జ్ఞానాన్నీ సమానంగా నిలిపే ఈ పద్ధతికి యోల్ంగు పెద్దలు తమ చోటునుంచే ఒక రూపం చెప్పారు. సముద్రపు ఉప్పు నీరు, నది మంచి నీరు కలిసే మడుగు పేరు గన్మా. ఏ నీరూ రెండోదాన్ని మింగేయదు. ఆ ఆలోచనను బడిలో నిలబెట్టినవాడు మందావుయ్ యూనుపింగు. 1988లో డిగ్రీ పుచ్చుకుని, 1990లో యిర్కలా బడికి ప్రిన్సిపాలయ్యాడు. యోతు యింది సంగీత బృందం గాయకుడిగా లోకం ఆయన్ను గుర్తుపెట్టుకుంది. టీచరుగా చేసిన పని అంతకన్నా తక్కువది కాదు.

డేలీ నది ఒడ్డున నౌయులో ఉండే మిరియం రోజ్ అంగన్మెర్ బౌమన్, ఉత్తర ప్రాంతంలో పూర్తి అర్హత పొందిన తొలి మూలవాసి టీచరు. ఆమె దదిరి గురించి చెబుతారు. లోపల నిశ్శబ్దం చేసుకుని, తొందర లేకుండా వినడం. వినడమే నేర్చుకోవడానికి మొదలుగా ఉన్న జాతి పిల్లలను, మాట్లాడటం లేదని మొద్దులుగా లెక్కవేసిన తరగతి గదులు ఎన్నో.

2008 అక్టోబరులో ఉత్తర ప్రాంత ప్రభుత్వం బళ్లలో రోజూ మొదటి నాలుగు గంటలు ఇంగ్లిష్‌లోనే బోధించాలని ఆదేశించింది. 35 ఏళ్ల ద్విభాషా బోధన ఒక ఉత్తర్వుతో కుంగిపోయింది. ఊరు నడిపించుకునే చదువుకు, సర్కారు దయతో నడిచే చదువుకు తేడా అక్కడ తేలిపోయింది.

విల్కానియాలోనూ యిర్కలాలోనూ పాఠం ఒకటే కావాలని పట్టుబట్టేవాళ్లున్నారు. నాకు అది సరిగా తోచదు. యిర్కలాలో తల్లిభాష ఇంట్లో నిండుగా ఉంది, దానిలోనే అక్షరం మొదలవ్వాలి. డార్లింగ్ నది ఊళ్లలో జనం మాట్లాడేది ఎక్కువగా తమదైన ఇంగ్లిష్. బార్కింజీ భాషను ఇప్పుడిప్పుడే మళ్లీ నిలబెట్టుకుంటున్నారు. 1788కి ముందు ఆ ఖండంలో 250కి పైగా భాషలుండేవి. పసిపిల్లల నోట ఇంకా పలుకుతున్నవి పన్నెండో ఎన్నో. ఏ భాషలో మొదలుపెట్టాలన్నది ఆ ఊరి పెద్దలు తేల్చాల్సిన మాట.

మనం చూసిన మంటే

ఊరు కదిలితే అక్షరం ఎటు పోతుందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం రాత్రిబళ్లు నడిచాయి. వాచకంలో సారా వల్ల చితికిన సంసారం కథ చదివిన దూబగుంట ఆడవాళ్లు, పుస్తకం మూసి సారా కొట్టు మీదికి వెళ్లారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరులో సారా మీద నిషేధం వచ్చింది. ఆ బళ్లు నిలబడ్డది జీతాలిచ్చి పెట్టిన టీచర్ల మీద కాదు. ఊరి కుర్రాళ్ల మీద, ఆడవాళ్ల మీద.

ఆస్ట్రేలియా ఊళ్లలో మార్పు ఇంత మంటగా కనిపించదు. డ్రైవింగు లైసెన్సు రాత పరీక్ష పాసవ్వడం, కోర్టు నుంచి వచ్చిన కాగితంలో తేదీ చదువుకుని ఆ రోజుకు వెళ్లడం, మందుసీసా మీది మోతాదు చూసుకోవడం. ఇవి చిల్లర సంగతుల్లా కనిపిస్తాయి. వంద కిలోమీటర్లకొక ఊరుండే ఆ ప్రాంతంలో లైసెన్సు లేకుండా బండి నడపక తప్పదు. పట్టుబడితే జరిమానా, కట్టకపోతే మరో నోటీసు, చదవలేక వాయిదా తప్పితే వారంటు. జనాభాలో నాలుగు శాతం కూడా లేని మూలవాసులు జైళ్లలో మూడో వంతు ఉన్నారంటే ఇలాంటి దారులు కూడా కారణమే. మూలవాసుల కస్టడీ మరణాల మీద 1987 నుంచి 1991 దాకా రాయల్ కమిషన్ విచారణ జరిపింది. 99 చావులను పరిశీలించింది. వాళ్లలో 43 మంది చిన్నప్పుడే కుటుంబాల నుంచి వేరుచేయబడినవాళ్లు. కమిషన్ చేసిన 339 సిఫార్సుల్లో మూలవాసులే నడిపే వయోజన విద్యకు అండగా నిలవమన్నవీ ఉన్నాయి. 'యస్, ఐ కెన్' తరగతులకు వచ్చినవాళ్ల మీద తీవ్ర నేరాల నమోదు తగ్గిందని తర్వాత జరిగిన ఒక అధ్యయనంలో తేలింది.

అభ్యంతరాలు లేకపోలేదు. 64 పాఠాలతో వచ్చేది మొదటి మెట్టు మాత్రమే. అక్కడ ఆగిపోతే వచ్చిన అక్షరం జారిపోతుంది. క్యూబా పద్ధతిని ఇక్కడ అతికించడమేమిటని అడిగినవాళ్లున్నారు. మొదట వాడిన వీడియోలు కరీబియన్ దీవుల కోసం ఇంగ్లిష్‌లో తీసినవే. ఆ ప్రశ్నలు న్యాయమైనవే. వాటికి జవాబు పద్ధతిలో కంటే పట్టులో ఉందనిపిస్తుంది. చేరినవాళ్లలో సగానికి మించి చివరిదాకా నిలబడుతున్నారు. పట్టా పుచ్చుకున్నవాళ్లలో కొందరు తర్వాతి విడతకు పాఠం చెప్పేవాళ్లయ్యారు. వేరే దేశపు వీడియో అయినా, దాన్ని ఆపి 'మన ఊళ్లో అయితే' అని చెప్పే మనిషి పక్కనే ఉన్నాడు.

నన్ను కలవరపెట్టేది వేరే. 1948లో ఆస్ట్రేలియా వలస వచ్చినవాళ్ల కోసం ఉచితంగా ఇంగ్లిష్ నేర్పే జాతీయ పథకం పెట్టింది. యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన యూరప్ వాళ్లతో మొదలై, అర్హత ఉన్న ప్రతి కొత్త వలసదారుకూ అది ఒక హక్కుగా నిలబడింది. చాలాకాలం 510 గంటల చదువు, ఇటీవల ఆ గంటల పరిమితి కూడా తీసేశారు. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెప్పినవాళ్లు దాదాపు 59 వేలు. ఇంటి పెద్దకు ఉద్యోగం, ఇంగ్లిష్ రెండూ ఉన్నా, వెంట వచ్చిన భార్యకో భర్తకో ఆ భాష తడబాటుగా ఉంటే, అర్హత ఉన్నవాళ్లు ఈ తరగతుల్లో కూర్చోవచ్చు. అది మంచి పథకం, ఉండాల్సిందే. అలాంటి హక్కు ఆ నేలలో 60 వేల ఏళ్లుగా ఉన్నవాళ్లకు మాత్రం రాసి లేదు. 2022లో పార్లమెంటు కమిటీ ఒకటి పెద్దల అక్షరాస్యత మీద నివేదిక ఇచ్చినా ఆ హక్కు రాలేదు. ఆస్ట్రేలియాలో ఓటు సంపాదించుకున్న తెలుగువాళ్లు తమ నియోజకవర్గపు ప్రతినిధిని అడగదగిన ప్రశ్న ఇది. మాకు ఇచ్చిన గంటలు వాళ్లకు ఎందుకు లేవు? దాతలు, గ్రాంట్లు, ఒక ప్రభుత్వ శాఖ కాకపోతే మరొకటి. ఈ ఊళ్ల తరగతులకు డబ్బు ఇప్పటికీ అలా విడత విడతకూ వెతుక్కోవాల్సి వస్తోంది.